తాటాకు బడి నుండి దోర్నకల్ దేవాలయము వరకు

నూజివీడు మామిడి తోటల ప్రాంతపు సంఘముల చరిత్రను నూజివీడులోనే వెదకితే సగమే దొరుకుతుంది. ఆ కథ మచిలీపట్నములో మొదలై దోర్నకల్ వైపు సాగింది.

1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్‌లు మచిలీపట్నములో సి.ఎం.ఎస్. తెలుగు మిషనును ఆరంభించారు. ఆంగ్ల విద్య ద్వారా అగ్రవర్ణములను చేరవలెనని నోబుల్ ఆశించాడు. కాని 1859లో రాఘవాపురములో పగోలు వెంకయ్య బాప్తిస్మము పొందిన తరువాత సంఘము మాలపల్లెలలో పెరిగింది. ఈ మలుపును మిషను ప్రణాళికలో వెదకుట వృథా. అది పల్లె ప్రజల నిర్ణయము.

అప్పటి పల్లె దేవాలయము తాటాకు కప్పిన బడియే. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి కూలి నుండి తిరిగివచ్చిన పెద్దలకు ప్రార్థన. రెండింటికీ ఉపదేశి ఒక్కడే.

తమిళుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో దోర్నకల్ చేరి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన అధ్యక్ష ఖండము తరువాత కృష్ణా ప్రాంతమునకు విస్తరించింది. 1940ల ఆరంభమునకు విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. వంటకు తీసిన బియ్యములో ఒక గుప్పెడు దేవునికని పక్కన పెట్టిన స్త్రీలు ఆ సంఘములను పోషించారు.

ఇట్టి సంఘమునకు ఎట్టి ఆలయము కట్టాలి? 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ నాడు ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్ అజరయ్య ఇచ్చిన జవాబు. గుమ్మటాలు, మినార్లు నిజాము రాజ్యమును, స్తంభాలు దక్షిణాది గుడులను తలపిస్తాయి. క్రీస్తు ఈ దేశమునకు పరాయివాడు కాడని ఆయన రాతిలో చెప్పదలచారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుడి గడప తొక్కనివ్వని ఊళ్లలో పుట్టినవారికి గుడి స్తంభము ఏమి చెబుతుంది? వేదాంతికి అది స్వదేశీ శిల్పము. పల్లెవాసికి తనను బయట నిలబెట్టిన గోడ గుర్తుకు రావచ్చును. అందుచేత నేటికీ మన పల్లె సంఘములు కోసు గోపురమునే కోరుకుంటే, దానిని పాశ్చాత్య మోజు అని కొట్టివేయుట తొందరపాటు. మరోవైపు, నాడు ఆ కూలీలు ఆ స్తంభాల మధ్య నిలుచున్నది వెలుపల కాదు, బల్ల యొద్ద.