డిగ్రీతో ఆగితే దక్కని భూగర్భ కొలువు
కీలక ఖనిజాల వేటలో దేశం. స్నాతకోత్తర పట్టా ఉంటేనే ప్రవేశం

న్యూఢిల్లీ: లిథియం, కోబాల్టు వంటి కీలక ఖనిజాల అన్వేషణకు దేశం పెద్దఎత్తున ఉపక్రమించింది. ఇందుకోసం రూపొందించిన జాతీయ కీలక ఖనిజ మిషన్‌కు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది. 2030-31 నాటికి 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేపట్టే బాధ్యత భారత భూగర్భ సర్వే సంస్థపై పడింది. ఈ పనికి కావలసిన యువ శాస్త్రజ్ఞులు విశ్వవిద్యాలయాల నుంచే రావాలి. అయితే మూడేళ్ళు భూగర్భ శాస్త్రం చదివి బి.ఎస్సీ. పట్టా పుచ్చుకున్న విద్యార్థి శాస్త్రజ్ఞుని హోదాలో ఆ సంస్థలో అడుగుపెట్టలేడు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే జియో సైంటిస్టు పరీక్షకు స్నాతకోత్తర పట్టా తప్పనిసరి. డిగ్రీలో చేరే చాలామంది విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తోంది.

బొగ్గుతో మొదలు

మన దేశంలో ఈ శాస్త్రం అవసరం కొద్దీ పుట్టింది. బొగ్గు నిక్షేపాల జాడ తీసేందుకు 1851లో థామస్ ఓల్డ్‌హామ్ సారథ్యంలో సర్వే సంస్థ ఏర్పడింది. చదువు దాని వెనుక నడిచింది. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో 1892లో భూగర్భ శాస్త్ర బోధన ఆరంభమైంది. ధన్‌బాద్‌లో 1926లో గనుల విద్యాలయం వెలసింది. అది 2016లో ఐఐటి అయింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1941లో ఏర్పడిన శాఖకు సి.మహదేవన్ పునాది వేశారు. జమ్మూలో అధ్యాపకునిగా ఉంటూ డి.ఎన్.వాడియా విద్యార్థుల కోసం రాసిన భారత భూగర్భ శాస్త్ర గ్రంథం 1919లో వెలువడింది. ఆయన సర్వే సంస్థలో చేరింది ఆ తరువాతే, 1921లో.

గది దాటితేనే చదువు

మొదటి ఏడాది ఖనిజాలు, స్ఫటికాలు, శిలల గుర్తింపుతో గడుస్తుంది. రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, సూక్ష్మదర్శిని కింద దానిలోని ఖనిజాలను పోల్చుకోవడం నేర్పుతారు. ఆపైన శిలాజాలు, భూమి పొరలు, వాటి మడతలు, ఖనిజ నిక్షేపాలు, భూగర్భ జలాలు పాఠ్యాంశాలవుతాయి. కానీ అసలు చదువు సుత్తి, క్లైనోమీటర్, భూతద్దం చేతబట్టి ఎండలో కొండలెక్కినప్పుడే ఒంటబడుతుంది. పొర ఏ దిక్కుగా సాగింది, ఎంత వాలుగా దిగింది అని కొలిచి పటం గీయడం పుస్తకం చూసి వచ్చే విద్య కాదు.

ఇందుకు కడప శిలా ప్రాంతం సహజ పాఠశాల. తిరుమల ఘాట్ రోడ్డు వెంట అతి పురాతన గ్రానైటు శిలలపై కడప శ్రేణి అవక్షేప శిలలు కూర్చున్న సంధిరేఖ కనిపిస్తుంది. ఆ రెండింటి నడుమ కోట్ల సంవత్సరాల కాలం లోపించింది. దీనిని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు. భక్తులు రోజూ దాటిపోయే ఈ చోటు విద్యార్థికి విలువైన పాఠం.

ప్రాణాలతో ముడి

ఈ చదువు ఖనిజాలకే పరిమితం కాదు. సుస్థిరమని భావించిన దక్కను పీఠభూమిలో 1993 సెప్టెంబర్ 30న లాతూరు భూకంపం వేలాది మందిని బలిగొన్నది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తరువాత 2007లో హైదరాబాద్‌లో ముందస్తు హెచ్చరికల కేంద్రం పనిచేయనారంభించింది. 2023 జనవరిలో హిమాలయ పట్టణం జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలువారాయి. ప్రపంచంలోనే అత్యధికంగా భూగర్భ జలాలు తోడుతున్న దేశం మనదే. బోరు ఎక్కడ వేయాలో, కొండవాలున రోడ్డు ఎలా తొలచాలో చెప్పవలసింది ఈ శాస్త్రం చదివినవారే.

ముందున్న దారి

బి.ఎస్సీ. తరువాత ‘జామ్’ పరీక్ష ద్వారా బొంబాయి, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటిలలో ఎం.ఎస్సీ. సీటు పొందవచ్చు. విశ్వవిద్యాలయాలు సొంత ప్రవేశాల ద్వారానూ చేర్చుకుంటాయి. గనుల భూగర్భంలో మహిళలు పనిచేయరాదన్న 1952 చట్టంలోని నిషేధాన్ని సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ విధులకు సంబంధించి కేంద్రం 2019లో సడలించడం విద్యార్థినులకు కలిసివచ్చే పరిణామం.

చిక్కల్లా అదనపు రెండేళ్ళ ఖర్చే. మూడేళ్ళకే కొడుకో కూతురో సంపాదనకు అందివస్తారని ఎదురుచూసే కుటుంబానికి ఇది భారం. క్షేత్ర పర్యటనల వ్యయం దీనికి తోడు. ఖనిజాల వేటకు నిధులు కేటాయించిన ప్రభుత్వం వాటిని వెతికే విద్యార్థి చదువుకూ అండగా నిలవకపోతే, మధ్యలో ఆగిపోయేది పేదింటి ప్రతిభే. ఈ కోర్సును ఎంచుకునేవారు మాత్రం మూడేళ్ళకు కాక అయిదేళ్ళకు లెక్క వేసుకుని చేరడం మేలు.