క్రొత్త మానిటర్ అమరిక – తెలుగు అక్షరం తేటగా కనిపించే విధానం

సరిహద్దు గ్రామాలలోని తెలుగు కుటుంబాలకు ఇంటి కంప్యూటర్ దరఖాస్తులు నింపే యంత్రంగా మాత్రమే ఉపయోగపడడం లేదు. కోలారు, బళ్ళారి ప్రాంతాలలో కన్నడ మాధ్యమంలోను, హోసూరు పరిసరాలలో తమిళ మాధ్యమంలోను, బరంపురం, పర్లాకిమిడి వైపున ఒడియా మాధ్యమంలోను, సిరోంచ వైపున మరాఠీ మాధ్యమంలోను చదువుకొనే పిల్లలకు మాతృభాష లిపి కంటబడే చోట్లలో ఇంటిలోని తెర ముఖ్యమైనది. తెలుగులో 'ప'కు 'ఫ'కు, 'ద'కు 'ధ'కు ఉన్న భేదం ఒక చిన్న గీత. తెర మసకగా ఉండి ఆ గీత కలిసిపోతే, అక్షరాలు కూడబలుక్కొనే వయస్సులోని పిల్లలు మాటనే తప్పుగా నేర్చుకొనే ప్రమాదం ఉంది. కనుక క్రొత్త మానిటర్‌పై బొమ్మ వచ్చినంత మాత్రాన పని ముగిసినట్లు భావించరాదు. అక్షరం క్రింది వత్తు విడిగా కనిపించేవరకు చేయవలసిన పనులు వరుసగా ఇవి.

కొనడానికి ముందు

మానిటర్ కొనబోయే ముందు ఇంటిలోని సి.పి.యు. పెట్టె వెనుక భాగాన్ని పరిశీలించవలెను. బొమ్మను తెరకు పంపే రంధ్రాలను పోర్టులు అంటారు. ఇవి ప్రధానంగా ఐదు విధాలు.

మొదటిది వి.జి.ఎ. ఇది 1987లో వచ్చింది. సాధారణంగా నీలి రంగులో ఉండి, మూడు వరుసలలో 15 రంధ్రాలు, ఇరువైపులా స్క్రూ బిగించే చోట్లు కలిగి ఉంటుంది. రెండవది డి.వి.ఐ. ఇది 1999 నాటిది, తరచుగా తెల్లగా, వెడల్పుగా ఉంటుంది. మూడవది హెచ్.డి.ఎం.ఐ. 2002లో రూపొందిన ఈ పోర్టు సన్నగా ఉండి, బొమ్మతోపాటు శబ్దాన్ని కూడా తీసుకుపోతుంది. నాలుగవది 2006లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్. దీని ఒక మూల కోసినట్లు ఉంటుంది. ఐదవది ఫోన్ చార్జర్ వలె కనిపించే టైప్-సి. అన్ని టైప్-సి పోర్టులూ బొమ్మను పంపలేవన్న సంగతి గుర్తుంచుకోవలెను.

పాత కంప్యూటర్లలో కొన్నింటికి వి.జి.ఎ. మాత్రమే ఉంటుంది. క్రొత్త మానిటర్లలో కొన్నింటికి ఆ పోర్టే ఉండదు. పట్టణం వెళ్ళి మానిటర్ తెచ్చిన తరువాత ఈ తేడా బయటపడితే బస్సు చార్జీ, ఒక రోజు కూలి రెండూ నష్టం. కంప్యూటర్ వెనుక భాగాన్ని ఫోన్‌తో ఫోటో తీసి దుకాణదారునికి చూపితే ఈ చిక్కు రాదు.

పోర్టులు కలవనప్పుడు కన్వర్టర్ వాడవచ్చును. అయితే దానికి దిశ ఉంటుంది. హెచ్.డి.ఎం.ఐ. నుండి వి.జి.ఎ.కు మార్చే కన్వర్టర్, వి.జి.ఎ. నుండి హెచ్.డి.ఎం.ఐ.కి మార్చదు. కంప్యూటర్‌కు ఏది ఉన్నది, మానిటర్‌కు ఏది ఉన్నది అన్న రెండు విషయాలూ చెప్పి కొనవలెను.

పెట్టె విప్పడం, నిలబెట్టడం

బల్లపై మెత్తని దుప్పటి పరచి, తెరను దానిపై బోర్లించి స్టాండు బిగించవలెను. ఎత్తేటప్పుడు అంచులను పట్టుకోవలెనే గాని తెరపై వ్రేళ్ళు నొక్కరాదు. లోపలి పొర పలుచనిది. ఒత్తిడికి పగిలితే సాధారణంగా వారంటీ వర్తించదు. మానిటర్ వెనుక ముద్రించిన సీరియల్ నంబరు బిల్లుపై ఉన్నదానితో సరిపోయినదో లేదో అప్పుడే చూసుకోవలెను. థర్మోకోల్‌ను, అట్టపెట్టెను వారంటీ కాలమంతా దాచి ఉంచితే, మరమ్మతుకు పంపవలసి వచ్చినప్పుడు బస్సు ప్రయాణంలో తెరకు దెబ్బ తగలదు.

తగిలించే క్రమం

కంప్యూటర్, మానిటర్ రెండింటి స్విచ్‌లూ ఆపి ఉంచవలెను. మొదట బొమ్మను పంపే కేబుల్, తరువాత కరెంటు తీగ తగిలించవలెను. వి.జి.ఎ. కేబుల్‌లోని సూదులు సన్నగా ఉంటాయి. బలవంతంగా త్రోస్తే వంగిపోతాయి. ఆకారం సరిచూసుకొని, నెమ్మదిగా ఎక్కించి, రెండు స్క్రూలను చేతితోనే బిగించవలెను.

సి.పి.యు. పెట్టెలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నట్లయితే బొమ్మ పోర్టులు రెండు చోట్ల కనిపిస్తాయి. యు.ఎస్.బి. రంధ్రాల గుంపులో ఉన్నవి మదర్‌బోర్డుకు చెందినవి. వాటికి క్రిందుగా, విడిగా అడ్డంగా ఉన్నవి కార్డుకు చెందినవి. కేబుల్ కార్డుకే తగిలించవలెను. మదర్‌బోర్డుకు తగిలించి, తెర నల్లగా ఉన్నదని క్రొత్త మానిటర్‌ను దుకాణానికి తిరిగి మోసుకుపోవడం అనవసర శ్రమ.

కరెంటు విషయంలో మూడు పిన్నుల ప్లగ్గును, ఎర్తింగ్ ఉన్న స్విచ్ బోర్డుకే తగిలించవలెను. లావైన, పొడవైన పిన్ను ఎర్తింగ్ కోసమే ఉన్నది. దానిని విరిచి రెండు పిన్నులతో వాడరాదు. వోల్టేజి తరచుగా మారే గ్రామాలలో కంప్యూటర్‌తోపాటు మానిటర్‌ను కూడా యు.పి.ఎస్.కు కలపడం మేలు. ఉరుములు, మెరుపులు మొదలైనప్పుడు స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గును, ఇంటర్నెట్ తీగను కూడా ఊడదీయవలెను.

బొమ్మ రాకపోతే

అన్నీ తగిలించిన తరువాత ముందు మానిటర్‌ను, ఆపైన కంప్యూటర్‌ను ఆన్ చేయవలెను. మానిటర్ దీపం వెలగకపోతే లోపం కరెంటు వైపున ఉన్నది. తీగ రెండు చివరలూ గట్టిగా నొక్కి, అదే బోర్డులో మరొక వస్తువు పనిచేస్తున్నదో లేదో చూడవలెను.

తెరపై 'నో సిగ్నల్' అన్న మాటలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. ఆ మాటలను చూపగలిగినదంటే మానిటర్‌కు కరెంటు అందుతున్నది, తెర వెలుగుతున్నది. కేబుల్ వదులుగా ఉండవచ్చును, లేదా మానిటర్ వేరొక పోర్టును చూస్తూ ఉండవచ్చును. మానిటర్ అంచున ఉన్న 'ఇన్‌పుట్' లేక 'సోర్స్' మీట నొక్కి, కేబుల్ తగిలించిన పోర్టు పేరును ఎంచుకోవలెను. వి.జి.ఎ. వాడినప్పుడు తెర అంతా పసుపుగానో, ఎర్రగానో కనిపిస్తే ఒక సూది వంగినదని గాని, కేబుల్ సరిగా కూర్చోలేదని గాని అనుమానించవలెను.

అక్షరం తేటపడడం

ఇప్పటి మానిటర్ తెరలో చుక్కల సంఖ్య తయారీలోనే స్థిరపడి ఉంటుంది. 1920 × 1080 అని వ్రాసిన తెరలో మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. కంప్యూటర్ కూడా సరిగ్గా అంతే కొలత గల బొమ్మను పంపితే ఒక్కొక్క చుక్క తన చోట నిలుస్తుంది. 1366 × 768 కొలతలో పంపితే ఒక చుక్కలో ఉండవలసినది ప్రక్క చుక్కలోనికి కూడా పరచుకొని అక్షరం మసకబారుతుంది.

దీనిని సరిచేయడానికి ఖాళీ తెరపై మౌస్ కుడి మీట నొక్కి 'డిస్‌ప్లే సెట్టింగ్స్' తెరవవలెను. అందులో రిజల్యూషన్ అన్నచోట 'రికమెండెడ్' అని ప్రక్కన వ్రాసి ఉన్న కొలతనే ఎంచుకోవలెను.

ఇక్కడే అనేక కుటుంబాలలో ఒక పొరపాటు జరుగుతుంది. పెద్దలకు అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని రిజల్యూషన్‌ను తగ్గిస్తారు. అక్షరం పెద్దదవుతుంది గాని చెదరిపోతుంది. రిజల్యూషన్‌ను కదల్చకుండా, అదే చోట ఉన్న 'స్కేల్' విలువను 125 లేక 150 శాతానికి పెంచితే అక్షరం పెద్దదై తేటగా కూడా ఉంటుంది.

ఈ మసక అన్ని లిపులలోను ఒకే విధంగా బయటపడదు. నేటి తమిళ లిపిలో వత్తులు వ్రాయరు. హల్లుపై చుక్క పెట్టి సరిపెడతారు. తెలుగు, కన్నడ లిపులలో అక్షరం క్రింద మరొక అక్షరం చిన్నదై చేరుతుంది. ఒడియాలోను ఇటువంటి సంయుక్తాక్షరాలు ఉన్నాయి. కాబట్టి ఒక లిపి బాగా కనిపించినదని తెర సరిగా ఉన్నదని తలచరాదు. 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం', 'ధ్యానం', 'ఫలం' వంటి మాటలను తెరపై చిన్న అక్షరాలలో చూచి, ప్రతి వత్తూ విడిగా కనిపిస్తున్నదో లేదో పరీక్షించవలెను. ఇంకా మసకగా ఉంటే విండోస్ శోధనలో 'క్లియర్‌టైప్' అని వెదకి, అది చూపే నమూనాలలో తేటగా ఉన్నదానిని ఎంచుకోవలెను. వి.జి.ఎ. వాడేవారు మానిటర్‌పై గల 'ఆటో' మీటను కూడా ఒకసారి నొక్కవలెను.

ల్యాప్‌టాప్‌కు మానిటర్ కలిపినవారు విండోస్ మీటను, 'పి' అక్షరపు మీటను కలిపి నొక్కి 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' లేక 'ఎక్స్‌టెండ్' ఎంచుకోవడం మంచిది. 'డూప్లికేట్' ఎంచుకొంటే పెద్ద తెర చిన్న తెర కొలతకు తగ్గిపోవచ్చును.

తెలుగుకు బదులు గళ్ళు కనిపిస్తే అది మానిటర్ లోపం కాదు, ఫాంట్ లేకపోవడం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి', 2012లో వచ్చిన విండోస్ 8 నుండి 'నిర్మలా యు.ఐ.' అన్న ఫాంట్లు తెలుగుకు లభిస్తున్నాయి. ఫాంట్ చేర్చుకొంటే చాలును. దానికోసం తెర మార్చనక్కరలేదు.

చోటు, వెలుతురు

తెర పై అంచు కూర్చున్నవారి కంటి ఎత్తుకు కొంచెం క్రిందుగా, చేయి చాచినంత దూరంలో ఉండవలెను. కిటికీ తెరకు ప్రక్కగా ఉంటే వెలుగు ప్రతిఫలించదు. పిల్లలు 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూస్తే కన్ను అలసిపోదు. దుమ్మును పొడి మెత్తని గుడ్డతో తుడవవలెను; సబ్బునీరు, స్పిరిట్ వాడరాదు.

చివరగా, ఇంటిలో చదవడం నేర్చుకొంటున్న పిల్లను ఎదుట కూర్చోబెట్టి ఒక తెలుగు పేరా చదివించవలెను. వత్తుల దగ్గర కన్ను చిట్లించకుండా, తెరకు ముఖం దగ్గరగా జరపకుండా చదువగలిగితే మానిటర్ సరిగా అమరినట్లే.