శ్రావణమాసమున పెద్ద కొడప్‌గల్

ఉష్ణమండలమున మాసమునకును మాసమునకును భేదమేమున్నది, ఎండ యెప్పుడును ఎండయే కదా యని శీతలదేశములవారు తలంచుట కద్దు. భూమధ్యరేఖ నానుకొనియున్న సింగపూరు వంటి నగరమును చూచినవారికి ఆ మాట కొంత నిజమే యనిపించును. అచ్చట ఏడాది పొడవునను పగలు రమారమి పండ్రెండు గంటలే, వాన కురియని మాసమే లేదు, గోడమీది క్యాలెండరు తీసివేసినచో ఇది మార్చియో సెప్టెంబరో ఆకాశమును చూచి చెప్పుట ఎవరి తరమును గాదు. అయినను ఉష్ణమండలమంతయు ఒక్క తీరుగ నుండునది కాదు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ రెవెన్యూ డివిజనులో, సంగారెడ్డి నుండి నాందేడు మీదుగా అకోలాకు పోవు 161వ జాతీయ రహదారి ప్రక్కనున్న పెద్ద కొడప్‌గల్‌లో శ్రావణమాసమును గడిపినవాడెవ్వడును దానిని మరియొక మాసమని భ్రమపడడు.

నగరమని చెప్పదగినంతటి ఊరు కాదిది. పట్నమనగా ఇచ్చటివారికి హైదరాబాదే. నిజామాబాదు జిల్లా పిట్లము మండలములో భాగముగ నుండి, 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు తానే యొక మండలకేంద్రమైనది. రహదారివెంట వాయవ్యముగ సాగినచో మద్నూరు, సలాబత్‌పూరు దాటగనే మహారాష్ట్రము; పడమట కొంతదూరమునకే కర్ణాటకము. కావున చాయ్ హోటలు బల్లమీద ఒక్క పూటలోనే తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము, లంబాడీ వినవచ్చును. ఏ భాషవాడు ఏ భాషలో బేరమాడుచున్నాడో పోల్చుకొనుటకు పొరుగూరివానికి కొంత సమయము పట్టును.

ఈ ప్రాంతము ఉత్తర అక్షాంశము 18 డిగ్రీల పైచిలుకున నున్నది గనుక సూర్యుడు నడినెత్తికి సూటిగా వచ్చుట ఏటికి రెండుమారులు సంభవించును: మే రెండవ వారమున ఒకమారు, జూలై చివర మరియొకమారు. మొదటిదానిని ఊరెల్ల ఎరుగును. మధ్యాహ్నము వీధిలో కుక్కయు తిరుగదు. రెండవది శ్రావణపు ముసురుమాటున ఎవరికిని పట్టకయే జరిగిపోవును. సూర్యుడొక్కడే, ఎత్తొక్కటే, నడుమ నైరుతి ఋతుపవనము వచ్చి చేరుటచే ఒకనాడు దేహము మాడిపోవును, ఒకనాడు తుండుగుడ్డ నెత్తినకప్పుకొని చాయ్ త్రాగవలసివచ్చును. పగటి నిడివి చూతమన్నను, మిక్కిలి దీర్ఘమైన పగటికిని మిక్కిలి హ్రస్వమైన పగటికిని భేదము సుమారు రెండు గంటలే. ఇచ్చట కాలమును విభజించునది సూర్యుడు గాడు, వాన.

అట్లయ్యును ఈ యూర మాసమును కొలుచు కొలమానము ఒక్కటి కాదు. ఇల్లాండ్రు తిథులను లెక్కించుకొందురు. సోమవారము శివునికి, శనివారము హనుమంతునికి, నెలంతయు మాంసము లేదు, కోళ్ళ దుకాణమువాడు దిగాలుగ కూర్చుండును. రైతు కార్తెలను లెక్కించుకొనును. సూర్యుడొక్కొక్క నక్షత్రమున పదుమూడు పదునాలుగు దినములుండును గనుక, జూలై 20 ప్రాంతమున పుష్యమి, ఆగస్టు 3 ప్రాంతమున ఆశ్లేష, 17 ప్రాంతమున మఖ వచ్చును, ఇవి చాంద్రమాసము ముందువెనుకలైనను కదలవు. ఉద్యోగికి ఒకటవ తేదీయే పండుగ. రేషను దుకాణమున వరుస నిలుచువారిదియు అదే పంచాంగము. 2025 ఉగాది మొదలు అచ్చట మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. ఇక రహదారిమీద హర్యానా, రాజస్థానముల నుండి వచ్చు లారీ డ్రైవర్ల సంగతి మరియు చిత్రము. వారు పూర్ణిమాంతముగ నెలను లెక్కించువారగుటచే వారి సావనము మనకంటె పక్షము దినములు ముందే ప్రారంభమై రాఖీపున్నమితో ముగియును. మనకును మరాఠీవారికిని అమావాస్యనుండి అమావాస్యవరకు నెల. ఒక్క ధాబాలో ప్రక్కప్రక్క మంచములపై కూర్చున్న ఇరువురిలో ఒకనికి శ్రావణము సగమైనది, ఒకనికి నేడే పాడ్యమి!

పేరును బట్టి మాసము రాదనుటకు 2023వ సంవత్సరముకంటె వేరు నిదర్శనమక్కరలేదు. ఆ యేడు అధికశ్రావణము వచ్చినది. పందొమ్మిదేండ్ల వెనుక 2004లోను అట్లే వచ్చెను. జూలై 18న మొదలైన అధికమాసములో నిజామాబాదు జిల్లా వేల్పూరున ఒక్క దినమున 46 సెంటీమీటర్ల వాన కురిసినది. పిదప ఆగస్టు నడుమ నిజశ్రావణము వచ్చునప్పటికి మబ్బులు మాయమైనవి. దేశమంతటికిని 1901 నుండి నమోదైన లెక్కలలో అంతటి వర్షాభావపు ఆగస్టు లేదని వాతావరణశాఖ తేల్చినది. నోములు నోచుటకు పనికిరాదన్న నెలలో చెరువులు నిండెను, నోచదగిన నెలలో నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చెను. శాస్త్రమును తప్పుపట్టుట నా యుద్దేశము గాదు. వానకు పంచాంగము చదువవచ్చునా?

ఆ నెఱ్ఱెలలో ఈ యూరి కథ యంతయు నున్నది. 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరము చేరువనే యున్నను, నవాబ్ అలీ నవాజ్ జంగ్ మంజీరకు అడ్డముగ కట్టించిన ఆ యానకట్ట నీరు నదికి కుడివైపునున్న బాన్సువాడ, బోధను సీమలకు కాలువయై పారి, ఆ సీమను వరిమాగాణముగను చెఱకుతోటగను మార్చినది. ఎడమవైపున నున్న జుక్కల్, బిచ్కుంద, పెద్ద కొడప్‌గల్ పొలములలో మిక్కిలి భాగమునకు ఆకాశమే ఆనకట్ట. బోర్లున్నచోట వరి నాటుదురు. తక్కినదెల్ల సోయా, పెసర, మినుము, కంది, పత్తి. శ్రావణము ప్రథమార్ధమున గుంటుక తోలుట, కలుపు తీయుట. ద్వితీయార్ధమున పెసరకాయ నల్లబడును, అప్పటినుండి రైతునకు కంటిమీద కునుకుండదు. అరువది డెబ్బది దినములలో చేతికి వచ్చు పైరిది. దసరా ఖర్చులకు మొదటి రూకలు దీనివలననే రావలెను.

“ఏం పటేలా, పెసరు తెంపిండ్రా?”

“యాడ తెంపుతం? తెరిపియ్యాలె గద వాన!”

జూన్‌లో ఏ వానకొరకు మొక్కుకొనిరో ఆ వానయే ఆగస్టు చివర పగయగును. ఆరిన కాయ మూడునాళ్ళ ముసురులో నానినచో, చేనులోనే మొక్కపై నుండగనే గింజ మొలకెత్తును. కాయ నొలిచి చూచిన లోపల తెల్లని మొలక వంకరతిరిగి, పచ్చగింజ బూడిదరంగు దేలియుండును. వ్యాపారి దానిని అరచేత పోసికొని ఒకమారు ఊది తల అడ్డముగ ఆడించును. బేరము అంతటితో ముగిసినట్లే. ఆ ప్రక్కచేననే పూతకు వచ్చిన సోయాకు మాత్రము అదే తడి అమృతము. ఒక్క రైతు ఒక్క దినమున తూర్పుమడికి ఎండను, పడమటిమడికి వానను కోరుకొనవలసివచ్చుట ఈ మాసపు విశేషము.

తండాలలో శ్రావణము మరియొక విధముగ వచ్చును. ఈ సీమలో లంబాడీతండాలు విస్తారము. 2018 పంచాయతీరాజ్ చట్టము తరువాత వానిలో అనేకము స్వయముగ గ్రామపంచాయతీలైనవి. పెండ్లికాని పిల్లలు దుస్సేరుతీగతో అల్లిన బుట్టలలో పుట్టమన్నును ఎరువును కలిపి నింపి, నానిన గోధుమలు చల్లి, తొమ్మిదినాళ్ళు పూటపూటకు నీరుపోసి పెంచుదురు, ఇదియే తీజ్. మధ్యలో ఒకనాడు నానబెట్టిన సెనగలను రేగుముండ్లకు గ్రుచ్చవలెను. గ్రుచ్చుచున్న పిల్లను బావవరుస కుఱ్ఱవాండ్రు చుట్టుముట్టి కొమ్మను ఊపుదురు. ముల్లు వ్రేల గ్రుచ్చుకొన్నను ఆ పిల్ల నోరెత్తరాదు, నవ్వరాదు, సెనగ జారరాదు. చూచువారికిది వేడుక, పెండ్లియనగా నేమో ఆ పిల్లకు ముందుగ రుచి చూపించుటయని పెద్దవాండ్రందురు, కొమ్మ నూపువానికి మాత్రము ఏ పరీక్షయును పెట్టరు! తొమ్మిదవనాడు జానెడెత్తు పెరిగిన మొలకలను త్రుంచి, పెద్దల తలపాగలలో దోపి, మిగిలినవానిని పాటలతో చెరువున కలుపుదురు. పట్నమున చదువుకొనుచున్న పిల్లలు సెలవు పెట్టి వచ్చుటయు, బస్సు దిగునప్పటి జీన్సు సాయంకాలమునకు అద్దాల ఘాగ్రా యగుటయు కలదు.

మాసమునకు చివరిదినమైన అమావాస్య ఎడ్లది. కోస్తాజిల్లాలలో పోలాల అమావాస్యనాడు స్త్రీలు కందమొక్కను పూజించి సంతానరక్షణము కోరుదురు. ఈ సీమలో మరాఠీవారి పోళావలె అదేదినము ఎద్దునకు పూజ. తెల్లవారగనే వాగులో కడిగి, కొమ్ములకు రంగువేసి, మెడకు గజ్జెలును నుదుట బాసింగమును కట్టి, ప్రొద్దువాలునప్పటికి హనుమంతుని గుడిచుట్టు త్రిప్పి తెత్తురు. ఇంటిముందర ఇల్లాలు కాళ్ళు కడిగి హారతి యిచ్చి పోలెలు తినిపించును. కాడి మోయనిది ఆ ఒక్కదినమే. ఎడ్లజతలు తగ్గి ట్రాక్టర్లు హెచ్చినందున ఎద్దులేని యిండ్ల మట్టియెడ్లకు పోలె చూపుచున్నారు. ట్రాక్టరునకే బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టువారును ఉన్నారు. ఇందు నాకు హాస్యాస్పదమేదియు కనబడదు, దున్నినదానికి మ్రొక్కుట న్యాయమే. కాని గుడిచుట్టు త్రిప్పునప్పుడు గజ్జెలచప్పుడున్న జతవెంట పరుగెత్తు పిల్లలు ట్రాక్టరువెంట పరుగెత్తరు.

అమావాస్యతో శ్రావణము ముగిసినదని పంచాంగమనును. 2025లో ఆ అమావాస్య ఆగస్టు 23న రాగా, నాలుగవనాడు, 27న, వినాయకచవితికి కామారెడ్డి జిల్లాలో శ్రావణమంతయు కూడబెట్టుకొన్నట్లు కుంభవృష్టి కురిసినది. అర్గొండలో ఒక్క దినమున 40 సెంటీమీటర్లకు పైబడినది. 1922లో కట్టిన పోచారము జలాశయము మీదుగ వరద పొర్లిపారినది. బిక్కనూరు, తలమడ్లల నడుమ రైలుపట్టాల క్రింది మట్టి కొట్టుకొనిపోయినది. అట్టి యేడును చవితి చందాలు ఆగవు. అమావాస్య ముందునుండియే కుఱ్ఱవాండ్రు రశీదుపుస్తకములు పట్టుకొని దుకాణము దుకాణమునకు తిరుగుచుందురు; ఎరువుల వ్యాపారి “పెసరు పైసలు రానియ్యుండ్రి బిడ్డా” యని వాయిదా వేయును, వారు “పోయినేడు గూడ గిదే జెప్పినవ్ సేటూ” యని బల్లమీదనే కూర్చుందురు.