పులికాట్ తీరం ఖాళీ నేల కాదు

ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాక చుట్టుపక్కల పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పులికాట్ అనగానే బిట్లు అప్పజెబుతారు. చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. దానికీ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట. ఆ బిట్లలో తప్పేమీ లేదు. ఆ తీరం మీద మనకున్న కొన్ని నమ్మకాలే తప్పు.

అపోహ: రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట మనుషుల్లేని దీవి.

వాస్తవం: అక్కడ తరతరాలుగా యానాది గిరిజనులు ఉన్నారు. దక్షిణ భారత కులాలు, తెగల మీద థర్‌స్టన్ 1909లో వెలువరించిన గ్రంథంలోనూ వాళ్ల గురించి ఉంది. దుంపలు తవ్వుకున్నారు, తేనె తీశారు, చేపలు పట్టారు, మందు మొక్కలను గుర్తుపట్టి వైద్యం చేశారు. 1969లో ప్రయోగ కేంద్రానికి ఆ స్థలం ఎంపికైంది. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. అడవిలోని గూడేలు తరలిపోయాయి. కేంద్రం కంచె లోపల అడవి చాలావరకు నిలిచింది, అది మంచిదే. అయితే ఏ దుంప ఏ కాలంలో తవ్వాలో, ఏ ఆకు ఏ నొప్పికి పనిచేస్తుందో అడవిలో తిరిగితేనే పిల్లలకు అబ్బుతుంది. కంచె చెట్లను కాపాడింది గానీ ఆ విద్యను కాపాడలేదు. రాకెట్ ఎగిరిన ప్రతిసారీ నేనూ గర్వపడతాను. ఆ రోజు యానాదుల పేరు కూడా వినబడాలని గట్టిగా కోరుకుంటాను.

అపోహ: అక్కడ కనిపించేవన్నీ సైబీరియా పక్షులే.

వాస్తవం: పులికాట్‌కు దగ్గర్లోని నేలపట్టు చెరువులో, నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు మన దేశపు పక్షులే. గుడ్లు పొదిగి పిల్లల్ని పెంచేది అక్కడే, మేతకు పులికాట్ దాకా వెళ్లొస్తాయి. పులికాట్‌లో కనిపించే ఫ్లెమింగోలు ఎక్కువగా గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. ఈ పక్షులను విదేశీ అతిథులంటూ చూసి మురిసిపోతే సరిపోదు, వాటి చెరువులూ చెట్లూ మన పూచీ.

ఉప్పునేల దేనికీ కొరగాదన్నది ఇంకో అపోహ. కాళంగి, ఆరణి నదుల మంచినీళ్లు సముద్రపు నీళ్లతో కలిసే ఆ సరస్సులోనే రొయ్య పిల్లలు పెరుగుతాయి. సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడితే ముందు రొయ్యకు, ఆ వెనకే జాలరికి దెబ్బ.

అపోహ: వన్యప్రాణులను కాపాడాలంటే మనుషులను పంపేయాలి.

వాస్తవం: 2006 అటవీ హక్కుల చట్టం అభయారణ్యాల్లోనూ స్థానికుల హక్కులను గుర్తిస్తుంది. సరస్సు దక్షిణపు కొసన పళవేర్కాడు జాలర్లు ఎవరు ఎక్కడ వల వేయాలో ‘పాడు’ పద్ధతిలో వంతులు వేసుకుంటారు. ముఖద్వారం పూడిక తీత నుంచి నేలపట్టు చెట్ల కాపలా దాకా ఏ ప్రణాళిక రాసినా, యానాదులనూ జాలర్లనూ ముందు కూర్చోబెట్టుకుని రాయాలి.