మూగవోయిన లౌడ్ స్పీకరు

పల్లెటూరిలో ఏ యింట పెండ్లి జరుగుచున్నదో తెలియుటకు శుభలేఖ అక్కరలేదు. చెట్టుకొమ్మకో, డాబాపై నిలిపిన వెదురుబొంగుకో కట్టిన మైకు ఆ సంగతిని మూడు ఊళ్లకు చాటును. జనులందరు మైకు అని పిలుచు ఆ గరాటు నిజమునకు మైకు కాదు, లౌడ్ స్పీకరు. మైకు ధ్వనిని విద్యుత్తుగా మార్చును. స్పీకరు విద్యుత్తును ధ్వనిగా మార్చును. అయినను జనుల మాటలో కొంత నిజము లేకపోలేదు. తీగచుట్ట గల మైకును స్పీకరును ఒకే సూత్రముపై పనిచేయును. స్పీకరు ఎదుట నిలిచి గట్టిగా మాటలాడినచో దాని కొసలయందు స్వల్పమైన వోల్టేజి పుట్టును. పాఠశాలలో సున్నితమైన గాల్వనామీటరు ఉన్నచో, స్పీకరు అట్టను వ్రేలితో మెల్లగా నొక్కి విడిచి, ముల్లు అటునిటు కదలుటను విద్యార్థులకు చూపవచ్చును.

చోడవరము దగ్గర, సహకార చక్కెర కర్మాగారము వలన పేరుపొందిన గ్రామము గోవాడ. 2022 వరకు అది విశాఖపట్నం జిల్లాలోనిది; ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోనిది. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లోను, విశాఖపట్నం కేంద్రము 1963లోను ప్రారంభమైన పిమ్మట ఇట్టి గ్రామములలో గూడ వాల్వు రేడియోల కంఠము వినబడజొచ్చెను. ట్రాన్సిస్టరు వచ్చి వాటిని అటకలెక్కించినది. అటకలపై ఉన్నవి క్రమముగా పాతసామాను కొట్లకు చేరినవి. అక్కడ స్పీకరునకు కట్టు వెల దాని అయస్కాంతపు బరువును బట్టియే. ఊదిన మాత్రాన పోవు దుమ్ము వలన గరగరలాడు స్పీకరునకును, తీగచుట్ట పూర్తిగా మాడిపోయిన స్పీకరునకును అక్కడ భేదము లేదు. ఆ భేదము తెలిసినవాడు మంచి స్పీకరును ఇనుపతుక్కు వెలకు కొనును. తెలియనివాడు బాగున్నదానిని విప్పి చెడగొట్టును. అట్లు చెడినవానిలో పెక్కింటికి మారు భాగములు నేడు ఎక్కడను దొరకవు.

స్పీకరు నిర్మాణము చాల సులభము. ఒక అయస్కాంతము, దాని రెండు ధ్రువముల నడుమ వలయాకారమైన సన్నని సందు, ఆ సందులో, ప్రక్కలకు తగులకుండ వ్రేలాడు చిన్న తీగచుట్ట. చుట్టకు అంటించిన కాగితపు శంకువును పనివారు ‘కోను’ అందురు. కోను వెలుపలి అంచును ఇనుపచట్రమునకు మెత్తని మడతల అంచు పట్టియుంచును. చుట్టను సందు మధ్యకు సరిగా నిలుపునది వెనుకనున్న ‘స్పైడరు’. తొలినాళ్లలో దీనిని సాలీడు కాళ్లవలె కత్తిరించెడివారు. నేడది మడతలుపెట్టిన గుండ్రని గుడ్డ. పేరు మాత్రము మిగిలినది.

పదవ తరగతి విద్యార్థి ఎరిగిన ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధనమే దీనికంతటికి ఆధారము. అయస్కాంత క్షేత్రములో నున్న తీగలో విద్యుత్తు ప్రవహించినచో తీగపై బలము కలుగును. క్షేత్ర తీవ్రత 1 టెస్లా, తీగ పొడవు 5 మీటర్లు, విద్యుత్తు అర ఆంపియరు అనుకొందము. బలము 1 × 5 × ½ = 2½ న్యూటనులు. ఇది సుమారు పావుకిలో బరువునకు సమానము. ఆ బలము నెట్టవలసిన కోను, చుట్ట కలిసి పది గ్రాములుండవచ్చును. సెకనునకు వందల పర్యాయములు ముందుకు వెనుకకు ఆడునంతటి బలము కోనునకు ఎక్కడినుండి వచ్చునో దీనివలన తెలియును.

1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు ఈ పద్ధతిని వివరించి ప్రకటించిరి. నేటికిని స్పీకరు ప్రధాన స్వరూపము అదే. మారినది అయస్కాంతము. ఆ రోజుల శాశ్వత అయస్కాంతములు బలహీనమైనవగుటచే, ఇనుపకడ్డీ చుట్టు వేల చుట్లు తీగ చుట్టి, దానిలో విద్యుత్తును పంపి విద్యుదయస్కాంతముగా చేసెడివారు. 1931లో జపానులో మిషిమా అను శాస్త్రవేత్త అల్యూమినియము, నికెలు కలిపిన బలమైన అయస్కాంతపు ఉక్కును కనుగొనెను. కోబాల్టు కూడ చేర్చిన ఆ జాతి లోహమే ఆల్నికో. 1952లో ఫిలిప్స్ పరిశోధకులు ఫెర్రైటు అయస్కాంతములను ప్రకటించిరి. నల్లగా, బిళ్లవలె వెడల్పుగా ఉన్నది ఫెర్రైటు. చిన్న గిన్నెలోనో కమానులోనో ఇమిడియున్నది చాలవరకు ఆల్నికో.

చరిత్రకు సంబంధించిన ఈ భేదము మరమ్మతు చేయువానికి మిక్కిలి ముఖ్యమైనది. పాత రేడియోలోని స్పీకరు వెనుక మేకు పెట్టగా అంటుకొనలేదనుకొందము. అయస్కాంతము చచ్చినదని పారవేయుటకు ముందు దాని నుండి ఎన్ని తీగలు వచ్చుచున్నవో లెక్కింపవలెను. రెండుకంటె ఎక్కువ ఉన్నచో అది విద్యుదయస్కాంతపు స్పీకరు కావచ్చును. రేడియో వెలుగనిదే దానికి అయస్కాంతత్వము ఉండదు. అట్టి రేడియోను తెరచి వెలిగించుట విద్యార్థులు చేయదగిన పని కాదు. ఆ తీగలలో రెండువందల వోల్టులకు మించి ఉండవచ్చును. రేడియో ఆర్పిన తరువాత కూడ కండెన్సరులలో విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. అట్టి దెబ్బ ప్రాణాంతకము.

ఆల్నికో విషయములో అపాయము వేరు విధమైనది. అయస్కాంతమును ఇనుపభాగముల నుండి విడదీసినంతనే దాని బలము చాలవరకు క్షీణించును. తిరిగి బిగించినను మునుపటి బలము రాదు. ప్రత్యేక యంత్రముతో మరల అయస్కాంతీకరింపవలసినదే. శుభ్రపరచుటకని దానిని విప్పినవాడు తన చేతులతోనే స్పీకరును చంపినవాడగును.

రోగ నిదానము

కోనును చూచుటకు కండ్లు, గరగర వినుటకు చెవులు, చుట్టను పరీక్షించుటకు మల్టీమీటరు, ఒక బ్యాటరీ ఘటము చాలును. మొదట స్పీకరును వెల్లకిల బల్లపై నుంచి, రెండు చేతుల వ్రేళ్లను కోను మధ్యభాగమునకు ఇరుప్రక్కల ఆనించి, సమానముగా మెల్లగా నొక్కవలెను. ఒక్క వ్రేలితో ఒకప్రక్క నొక్కినచో మంచి స్పీకరు కూడ రాచుకొనును; అది పరీక్ష కాదు. చప్పుడు లేక కదలినచో చుట్ట నడుమనే ఉన్నదని భావింపవచ్చును. ఇసుక రాపిడి వంటి శబ్దము వచ్చినచో చుట్ట సందు గోడకు తగులుచున్నది. కదలనే కదలనిచో చుట్ట ఇరుకుకొనినది, లేదా తుప్పు దానిని పట్టుకొనినది. సముద్రపు గాలి తగులు మన కోస్తా జిల్లాలలో ఈ తుప్పు తరచుగా కనబడును.

తరువాత మల్టీమీటరు. స్పీకరుపై 8 ఓములని వ్రాసియుండగా మీటరు 6 లేక 7 చూపును. ఇది దోషము కాదు. వ్రాసినది మారుచుండు విద్యుత్తునకు చుట్ట చూపు అవరోధము. మీటరు కొలుచునది ఒకే దిశలో ప్రవహించు విద్యుత్తునకు కలుగు నిరోధము మాత్రమే. ముల్లు ఏమియు కదలనిచో ఎక్కడనో తీగ తెగినది.

ఇక్కడనే అనేకులు పొరబడుదురు. వాల్వు రేడియో స్పీకరు చట్రముపై చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉండుట కద్దు. దాని రెండవ చుట్ట నిరోధము ఒక ఓముకంటె తక్కువ. అది స్పీకరునకు కలిపియుండగా కొలిచినచో మీటరు దాదాపు సున్న చూపును. చుట్ట మాడి కలిసిపోయినదని తీర్మానించుట జరుగును. ఒక తీగ ఊడదీసి కొలిచిన, అదే స్పీకరు ఆరోగ్యముగా ఉన్నట్లు తేలవచ్చును. అసలు తెగినది ట్రాన్స్‌ఫార్మరు మొదటి చుట్ట కావచ్చును. పెండ్లిపందిళ్ల గరాటు స్పీకర్లలో కూడ దూరపు తీగల కొరకు ట్రాన్స్‌ఫార్మరు అమర్చుదురు గనుక, ఇదే జాగ్రత్త అక్కడను అవసరము. ఇంకొక మాట: స్పీకరు ఊడదీసి వాల్వు ఆంప్లిఫయరును వెలిగింపరాదు. భారము లేని ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతముగా పెరిగి చుట్టల నడుమ పూత చిట్లును.

ఒకటిన్నర వోల్టుల ఘటమును స్పీకరు కొసలకు క్షణకాలము తాకించినచో ‘టప్’ మని కోను కదలవలెను. ధన ధ్రువమును ధన గుర్తున్న కొసకు తాకించగా కోను ముందునకు వచ్చుట నేటి వాడుక. జేబీయల్ వారి పాత స్పీకర్లలో ఇది తలక్రిందులు. గుర్తులు చెరిగిన రెండు స్పీకర్లను ప్రక్కప్రక్కన వాడువారు ఈ పరీక్ష తప్పక చేయవలెను. ఒకటి ముందునకు పోవునపుడు వేరొకటి వెనుకకు పోయినచో మంద్రస్వరములు ఒకదానినొకటి హరించుకొని, మృదంగము కూడ తకరడబ్బావలె వినబడును.

చికిత్స

తెగిన తీగ అన్నిటికంటె తేలిక జబ్బు. స్పీకరు కొసల నుండి కోనునకు పోవు మెత్తని జడతీగ లక్షలసార్లు వంగి వంగి తెగును. అదే జాతి జడతీగను, మొదటి దానంత వదులుగా ఉంచి సోల్డరు చేయవలెను. మామూలు రాగితీగ వేసినచో కొద్దిరోజులలో మరల తెగును.

చిరిగిన కోనునకు గాలిపటపు కాగితము వంటి పలుచని కాగితమును, నీటితో పలుచబరచిన ఫెవికాల్ వంటి తెల్లజిగురును వాడవలెను. రెండు ప్రక్కల అంటించి ఒక రాత్రి ఆరనీయవలెను. అతుకు దళసరియైనకొలది కోను ఆ ప్రక్క బరువెక్కి వంకరగా ఆడును. మైదాపిండి జిగురు పనికిరాదు. అది బొద్దింకలకు విందు. అతుకుతోబాటు కోనును గూడ అవి ఆరగించును.

1970 తరువాతి కొన్ని స్పీకర్లకు గుడ్డ, కాగితముల అంచునకు బదులు స్పాంజి వంటి నురుగు పదార్థపు అంచు వేసిరి. గాలిలోని తేమకు అది పది, ఇరువదియేండ్లలో జిగటయై, పొడియై రాలిపోవును. 1950 నాటి గుడ్డ అంచు నిక్షేపముగా ఉండగా, దానికి ముప్పదియేండ్లు చిన్నదైన నురుగు అంచు చిటికెలో పొడియగుట చూచినవారు కొత్తది యనిన మాటను అంత సులభముగా నమ్మరు. దీనికి అతుకు లేదు; అంచు మొత్తము మార్చవలెను.

రాచుకొను చుట్టకు చికిత్స నేర్పుతో కూడినది. కోను నడుమనున్న దుమ్ముమూతను పదునైన బ్లేడుతో జాగ్రత్తగా తొలగించినచో సందు కనబడును. అందులో చేరిన ఇనుపరజను ఊదిన పోదు. అయస్కాంతము దానిని వదలదు. జిగురు టేపును సన్నగా మడచి సందులో త్రిప్పి తీయవలెను. ఉక్కు పట్టకారు లోనికి పెట్టరాదు. అయస్కాంతము దానిని లాగికొని చుట్టను చీల్చును. పిమ్మట పాత ఫోటో ఫిల్మును సన్నని పట్టీలుగా కత్తిరించి, చుట్ట లోపల నాలుగు దిక్కుల దోపినచో చుట్ట సరిగా నడుమకు వచ్చును. పాత స్పీకర్లలో స్పైడరు మరలతో బిగింపబడి యుండును. మరలను వదులుచేసి, పట్టీలు దోపి, మరల బిగించి, పట్టీలు తీసివేసినచో పని పూర్తియగును. స్పైడరు జిగురుతో అంటించినదైనచో విప్పుటకు ముందు ఒక ఉపాయము చేసి చూడవచ్చును. ఏండ్ల తరబడి నిలువుగా ఉండుటచే కోను తన బరువునకే క్రిందికి జారియుండును. స్పీకరును పెట్టెలో తలక్రిందులుగా త్రిప్పి బిగించినచో అదే బరువు దానిని క్రమముగా నడుమకు తెచ్చుట కలదు.

మాడిన చుట్టను మరల చుట్టుట చివరి మార్గము. స్పీకరునకు ఇచ్చిన శక్తిలో ధ్వనిగా మారునది సాధారణముగా నూటికి ఒకటి రెండు పాళ్లే. తక్కినది వేడిమియై చుట్టలోనే మిగులును. చుట్ట 30 డిగ్రీల నుండి 150 డిగ్రీల సెంటీగ్రేడునకు వేడెక్కినచో రాగి నిరోధము దాదాపు సగము పెరుగును. ఇంకను వేడెక్కినచో పూత, జిగురు కరగి చుట్లు విడిపోవును. పెండ్లిలో రాత్రి పన్నెండు దాటిన తరువాత పాడైన స్పీకర్లలో పెక్కింటి కథ ఇదే.

చుట్టుటకు ముందు పాత తీగ వ్యాసమును పాఠశాలలోని స్క్రూగేజితో కొలిచి, చుట్లను లెక్కింపవలెను. ఉదాహరణకు చుట్ట వ్యాసము 25 మిల్లీమీటర్లు, చుట్లు 64 అనుకొందము. తీగ పొడవు సుమారు 5 మీటర్లగును. దాని నిరోధము 6 ఓములుండవలెనన్నచో రాగితీగ వ్యాసము 0.135 మిల్లీమీటరు ఉండవలెను. ఈ లెక్కను నిరోధకతా సూత్రముతో విద్యార్థులే చేసి చూడవచ్చును. గట్టిగా ఉండునని 0.2 మిల్లీమీటరు తీగ వేసినచో నిరోధము 2.7 ఓములకు పడిపోయి ఆంప్లిఫయరు వేడెక్కును. అది అటుండనిండు, దళసరి చుట్ట సందులో పట్టనే పట్టదు. పాత చుట్ట ఎన్ని వరుసలుగా, ఏ దిశలో చుట్టబడినదో కొత్తది అట్లే ఉండవలెను.

గరాటు స్పీకరునకు ఇంత శ్రమ లేదు. వెనుకమూత మరలు విప్పిన, చుట్టతో సహా గుండ్రని పొర ఊడివచ్చును. కొత్త పొర రేడియో సామానుల దుకాణములలో దొరకును. అయితే పొర పదేపదే చీలుచున్నచో దోషము పొరయందు లేదు. గరాటు ఒక హద్దునకు లోబడిన మంద్రస్వరములను పలుకలేదు. ఆ స్వరములు వచ్చినపుడు పొరకు ఎదురుగా గాలి ఒత్తిడి లేక అది మితిమీరి ఊగి చీలును. ఆంప్లిఫయరులో మంద్రస్వరముల మీటను తగ్గించినచో అదే పొర చాలకాలము నిలుచును. గరాటు మూతిని ఆకాశమువైపు గాక కొంచెము క్రిందికి వంచి కట్టినచో వాననీరు కూడ లోనికి పోదు.