ఘాటు వేరు, రుచి వేరు

ఆంధ్రప్రదేశ్‌లోని పొదిలి పరిసరాల పొలాల్లో పండే మిరపకాయకూ, అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో తయారయ్యే అతి గాఢమైన బర్బన్ విస్కీకీ పైకి ఏ పొత్తూ కనిపించకపోయినా, ఆ రెండూ నోట్లో రేపే మంట ఒకే ద్వారం గుండా మెదడుకు చేరుతుంది. నాడుల కొసల్లో ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించి, కాలుతున్నదన్న కబురును మెదడుకు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ వేడితో పనిలేకుండానే ఆ ప్రోటీన్‌ను ప్రేరేపిస్తే, ఆల్కహాల్ అది స్పందించే ఉష్ణోగ్రతను దాదాపు 34 డిగ్రీలకు దించడం వల్ల ఒంటి మామూలు వేడే మంటగా తోస్తుంది. 1997లో ఈ ప్రోటీన్‌ను గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021 వైద్య నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

అమెరికాలో మద్యం గాఢతను ప్రూఫ్ అనే కొలతలో చెబుతారు. అది పరిమాణంలో ఆల్కహాల్ శాతానికి రెట్టింపు. అక్కడి చట్టం ప్రకారం బర్బన్‌కు వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ పీపాలో పోసేటప్పుడు ఆ సారా 125 ప్రూఫ్‌కు, అంటే 62.5 శాతానికి మించకూడదు. అయితే వేడిగా, పొడిగా ఉండే గిడ్డంగి పై అంతస్తుల్లో ఏళ్ల తరబడి నిలవ ఉన్నప్పుడు కర్ర సందుల గుండా ఆల్కహాల్ కన్నా నీరే ఎక్కువగా ఆవిరైపోతుంది కాబట్టి మిగిలిన సరుకు మరింత గాఢమవుతుంది. బఫెలో ట్రేస్ సంస్థ నీరు కలపకుండా పరిమితంగా విడుదల చేసే జార్జ్ టి. స్టాగ్ అనే బర్బన్ కొన్ని సంవత్సరాల్లో 140 ప్రూఫ్ దాటడానికి కారణం ఇదే. అంత గాఢమైన, అంటే 70 శాతానికి మించిన మద్యాన్ని విమాన ప్రయాణికుల సామానులో అనుమతించరు.

ఇంత గాఢమైన విస్కీని పరీక్షించేవారు గ్లాసును ముక్కుకు ఎడంగా పట్టి, పెదవులు కాస్త తెరిచి వాసన చూస్తారు. ఆ తర్వాత చుక్కలు చుక్కలుగా నీరు కలుపుతూ చవిచూస్తారు. గాఢత 59 శాతం దాటినప్పుడు పొగవాసననిచ్చే గ్వాయకాల్ వంటి అణువులను ఆల్కహాల్ చుట్టుముట్టి ఉంచుతుందనీ, నీరు కలిపి పలుచన చేసినకొద్దీ అవి ద్రవం ఉపరితలానికి చేరతాయనీ 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాలతో చూపారు. కర్ర నుంచి దిగిన వెనిలా, లవంగం, కొబ్బరి వాసనలను కూడా మంట తగ్గాకే విడివిడిగా గుర్తుపట్టగలుగుతారు. 1912లో విల్బర్ స్కోవిల్ మిరప కారాన్ని కొలిచిన తీరూ ఇలాంటిదే: ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన మిరప సారాన్ని, కారం తెలియకుండా పోయేదాకా చక్కెర నీటితో పలుచన చేశాడు. కానీ క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు గనుక కారం తిన్నవారికి నీటికన్నా మజ్జిగే ఊరటనిస్తుంది. ఆల్కహాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది గనుక విస్కీ మంటకు నీరు చాలు.

ఈ సౌలభ్యంలోనే ఒక మోసం ఉంది. 70 శాతం గాఢత గల 30 మిల్లీలీటర్లలో 21 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో సాధారణంగా దొరికే 42.8 శాతం విస్కీలో అంత ఆల్కహాల్‌కు దాదాపు 50 మిల్లీలీటర్లు కావాలి. నీరు ఎంత పోసినా నోటి మంట తగ్గుతుందే గాని ఒంట్లోకి వెళ్లే ఆల్కహాల్ తగ్గదు. ఆరోగ్యానికి హాని చేయని మద్యం మోతాదంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.