కారు బేరంలో ‘పైవారు’

హిందీలో ‘మోల్‌భావ్’ అనే జంటపదం ఒకటి ఉన్నది. ‘బేరం’ అని వ్రాసి ముందుకు సాగిపోవడం అనువాదకునికి సులభమే. అయితే విడదీసి చూస్తే ‘మోల్’ అంటే వస్తువుకు గల వెల; ‘భావ్’ అంటే ఆనాడు అంగడిలో నడుస్తున్న ధర. ఆ రెండింటికీ నడుమ ఉన్న ఎడమే బేరానికి చోటు. కరోల్‌బాగ్‌లో చీర కొన్నప్పుడు, ఆజాద్‌పూర్ మండీలో పండ్లు కొన్నప్పుడు ఆ ఎడం ఎంతో మనకు ఇంచుమించుగా తెలుస్తుంది. ఢిల్లీ మోతీనగర్‌లోనో, నోయిడా, గురుగ్రామ్‌లలోనో అద్దాల షోరూములో అడుగుపెట్టి కొత్త కారు కొనబోయేటప్పుడు మాత్రం తెలియదు. అక్కడ మాటల మధ్య ఒక వాక్యం తరచుగా వినిపిస్తుంది: ‘ఊపర్ సే బాత్ కర్నీ పడేగీ’. పైవారితో మాట్లాడవలసి ఉంటుందని అర్థం. విక్రయ ప్రతినిధి లోపలి గదికి వెళతాడు. కొంతసేపటికి తిరిగివచ్చి, మీ కోసమని రెండువేలు తగ్గించామంటాడు.

ఈ పైవారెవరు? వారికి నిజంగా ఎంత అధికారం ఉన్నది? కొత్త కారుకు న్యాయమైన ధర ఏదో తెలుసుకోవాలంటే ఈ ప్రశ్నకు సమాధానం వెదకక తప్పదు.

కొన్నేళ్ల క్రితం మా కార్యాలయంలోని ఒక పెద్దమనిషి, ఒంగోలు ప్రాంతంవారు, పదవీ విరమణకు మూడేళ్లు మిగిలి ఉండగా తమ జీవితంలో మొదటి కారు కొనదలచి నన్ను తోడు రమ్మన్నారు. నాకు హిందీ బాగా వచ్చునని ఆయన ధీమా. మొదటి షోరూములో మా చేతికిచ్చిన కాగితం మీద ఒకే ఒక్క సంఖ్య ఉన్నది. పద్దులు విడదీసి వ్రాసి ఇమ్మంటే ‘సర్‌జీ, సబ్ ఇసీ మే హై’ అన్నారు. అన్నీ ఇందులోనే ఉన్నాయట. నేను తర్జుమా చేశాను. ఆయన నవ్వి, ‘భాష తెలిసినంత మాత్రాన లెక్క తెలుస్తుందా తమ్ముడూ?’ అన్నారు. మరునాడు నోయిడాలో అదే నమూనా, అదే రంగు కారుకు పద్దులవారీగా వ్రాయించి తెచ్చుకున్న కాగితంలో మొత్తం నలభై ఒక్కవేలు తక్కువగా ఉన్నది. ఇంజనీరింగు చదువుతున్న ఆయన కుమార్తెకు అది ఒక అర్ధ సంవత్సరపు కళాశాల రుసుము.

బేరమాడే ఈ అవకాశమే మన దేశంలో కొత్తది. ఒకప్పుడు కారుకు న్యాయమైన ధర ఎంతన్నది షోరూములో కాక న్యాయస్థానంలో తేలిన వ్యవహారం. 1959 నాటి మోటారు కార్ల పంపిణీ, విక్రయ నియంత్రణ ఉత్తర్వు అమ్మకాలను కట్టడి చేసింది. 1969లో కేంద్ర ప్రభుత్వం అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ కార్లకు ధరలు నిర్ణయించగా ఉత్పత్తిదారులు సుప్రీంకోర్టు తలుపు తట్టారు; విచారణ సంఘం ఉత్పత్తి వ్యయాలను లెక్కగట్టింది. అప్పటి బేరం కర్మాగారానికీ ప్రభుత్వానికీ మధ్య జరిగినది. కొనేవాడు చేయవలసిందల్లా పేరు వ్రాయించుకుని ఏళ్ల తరబడి వేచి ఉండడమే. 1983లో మారుతి కారుకు పదేసి వేల రూపాయలు ముందుగా కట్టి లక్షమందికి పైగా పేర్లు నమోదు చేయించుకున్నారు. ఆ సంవత్సరం డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళపుచెవులను ఢిల్లీ గ్రీన్‌పార్కుకు చెందిన ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి అందజేశారు. ధర తగ్గించమని అడగాలన్న ఊహ ఆ వరుసలో నిలబడినవారికి వచ్చి ఉండదు. కారు దక్కడమే రాయితీ. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు విధానాన్ని తొలగించిన తరువాత పరిస్థితి తలక్రిందులయింది. వరుస కొనేవారి వైపు నుండి అమ్మేవారి వైపుకు మారింది. ఇప్పుడు వేచి ఉండేవి డీలరు గోదాములోని కార్లు.

ఈనాటి లెక్కకు వద్దాం. షోరూములో మనకు చెప్పే ‘ఆన్‌రోడ్’ ధర ఒక మూట. దానిని విప్పితే కొన్ని పద్దులు కదలనివి, కొన్ని కదిలేవి. పన్నులు కదలవు. 2025 సెప్టెంబరు 22 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, నాలుగు మీటర్లకు మించని పొడవుతో, 1200 సీసీకి లోబడిన పెట్రోలు ఇంజనుగాని, 1500 సీసీకి లోబడిన డీజిలు ఇంజనుగాని గల చిన్న కార్లపై వస్తుసేవల పన్ను 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన కార్లపై 40 శాతమయింది. పైన వేసే సెస్సు తొలగిపోయింది. ఈ పన్ను ఎక్స్‌షోరూము ధరలోనే కలిసి ఉంటుంది. రహదారి పన్ను వేరు. అది రాష్ట్రానిది. నోయిడా ఉత్తరప్రదేశ్‌లో, గురుగ్రామ్ హర్యానాలో ఉన్నందున, ఒకే మెట్రో ప్రయాణంలో మూడు రకాల రహదారి పన్నులు ఎదురవుతాయి. అయితే ఆ పన్ను షోరూమును బట్టి కాక కారు నమోదయ్యే చిరునామాను బట్టి పడుతుంది. ఢిల్లీ నివాసి నోయిడాలో కొంటే తాత్కాలిక నమోదుతో తెచ్చుకుని ఢిల్లీలో నమోదు చేయించుకుంటాడు. కనుక మూడు ఊళ్ల ధరలు పోల్చేటప్పుడు రహదారి పన్నును పక్కనబెట్టి మిగిలినవే పోల్చడం మంచిది. పదిలక్షలు మించిన కారుపై 2016 జూన్ నుండి డీలరు వసూలు చేస్తున్న ఒక శాతం కూడా ఖర్చు కాదు. ఆదాయపు పన్ను లెక్కలో అది మనకు జమ అవుతుంది. ఈ సంగతి తెలియక దానిని పోయిన సొమ్ముగా భావించేవారు ఎందరో.

కదిలే పద్దులలో పెద్దది బీమా. 2018 సెప్టెంబరు 1 నుండి సుప్రీంకోర్టు ఆదేశానుసారం కొత్త కారుకు మూడేళ్ల మూడవపక్ష బీమా తప్పనిసరి. ఆ రుసుమును ప్రభుత్వమే నిర్ణయిస్తుంది: 2022 జూన్ 1 నుండి అమలయిన పట్టికలో మూడేళ్లకు కలిపి 1000 సీసీ లోపు కారుకు 6,521 రూపాయలు, 1500 సీసీ లోపు కారుకు 10,640 రూపాయలు, అంతకు మించినదానికి 24,596 రూపాయలు. దీనిలో బేరానికి తావులేదు. కాని సొంత కారుకు జరిగే నష్టానికి చేసే బీమా కంపెనీని బట్టి మారుతుంది. పూర్తి తరుగు పరిహారం, ఇంజను రక్షణ, దారిలో సహాయం వంటి అనుబంధాలు చేర్చుకుంటూ పోతే మొత్తం పెరుగుతుంది. షోరూము చూపిన బీమాయే తీసుకోవాలన్న నిర్బంధం చట్టంలో లేదు. పైగా ఒక వస్తువు అమ్మడానికి మరొక వస్తువునో సేవనో కొనితీరాలని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతిగా నిర్వచించింది. ‘బయటి బీమా తెచ్చుకుంటే రాయితీ ఇవ్వలేం’ అన్న మాట మర్యాదగానే అంటారు. మనమూ మర్యాదగానే ఆ మాటను కాగితం మీద వ్రాసి ఇమ్మనవచ్చు. నేను చూసినంతలో, ఎవరూ వ్రాసి ఇవ్వలేదు.

‘హ్యాండ్లింగ్’ అనో ‘లాజిస్టిక్స్’ అనో కొన్ని వేలు వేసే పద్దు మరొకటి. కారును అప్పగించడం అమ్మకంలోని భాగమే గనుక ఇది ప్రభుత్వ రుసుము కాదు. దానిని కొట్టివేయించడం బేరంలో అన్నిటికన్నా తేలిక. నంబరు పలకల సంగతీ అంతే. 2019 ఏప్రిల్ నుండి తయారైన కార్లకు అధిక భద్రతా పలకలు ఉత్పత్తిదారే ఇవ్వాలి, వాటి వెల కారు ధరలోనే చేరి ఉండాలి.

రాయితీ విషయంలో ఒక సూక్ష్మం ఉన్నది. ముప్పైవేల తగ్గింపుకు బదులు ‘ముప్పైవేల విలువైన’ సీటు తొడుగులు, తివాచీలు, సంగీతపు పెట్టె ఉచితంగా ఇస్తామనడం పరిపాటి. ఆ విలువ షోరూము వేసుకున్నది; కరోల్‌బాగ్‌లో అవే వస్తువుల వెల విచారిస్తే తేడా తెలుస్తుంది. అమ్మకపు బిల్లులోనే చూపిన తగ్గింపు వస్తుసేవల పన్ను లెక్కించే విలువ నుండి తీసివేయబడుతుంది. కనుక డీలరు ఇచ్చే తగ్గింపు బిల్లులోనే కనిపించాలని కోరడం మేలు. పాత కారు మార్పిడి, బ్యాంకు అప్పు అనే రెండు మాటలు కొత్త కారు ధర తేలేదాకా ఎత్తకపోవడం మరీ మేలు. నెలసరి వాయిదా ఎంత కట్టగలరని అడిగే ప్రతినిధి కారు ధర గురించి మాట్లాడటం మానేశాడన్నమాట. రాజధాని ప్రాంతంలో పాత కారు ధర మరింత చిక్కుముడి. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు ఇక్కడ తిరగరాదన్న ఆంక్షను 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 2025లో ఆ ఆంక్ష అమలుపై న్యాయస్థానం మళ్లీ జోక్యం చేసుకున్నది. ఈ అనిశ్చితిని చూపి షోరూమువారు పాత కారును చులకన చేస్తారు; బయట మరో ఇద్దరిచేత వెలకట్టించుకుని వెళ్లాలి.

డీలరు పక్షం కూడా చూడాలి. అతనికి కారు మీద మిగిలే వాటా సాధారణంగా ఐదు శాతానికి అటూ ఇటూ. అందులోంచే అద్దె, జీతాలు, గోదాములోని కార్ల కోసం బ్యాంకు నుండి తెచ్చిన అప్పుపై రోజురోజుకూ పెరిగే వడ్డీ గడవాలి. ఎనిమిది లక్షల కారుకు లక్ష తగ్గించమని డీలరును అడగడం బేరమనిపించుకోదు. అంత తగ్గింపు వస్తే అది కంపెనీ ప్రకటించినదే అయి ఉంటుంది. కంపెనీ ఇచ్చేదెంత, డీలరు తన వాటాలోంచి వదులుకునేదెంత అని విడివిడిగా అడిగితే నిజమైన బేరం మొదలవుతుంది.

‘పైవారు’ ఇక్కడే మళ్లీ ప్రవేశిస్తారు. డీలరు తన వాటాలోంచి ఇవ్వదలచినా కంపెనీ అడ్డుపడవచ్చునా? మారుతి సుజుకి ప్రధాన కార్యాలయం ఢిల్లీ వసంత్‌కుంజ్‌లో ఉన్నది. వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా కార్యాలయం ఇదే నగరంలో కిద్వాయ్‌నగర్‌లో ఉన్నది. 2021 ఆగస్టు 23న కమిషన్ ఆ కంపెనీకి 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీ నిర్దేశించిన దానికి మించి డీలర్లు రాయితీ ఇవ్వకుండా ఒక నియంత్రణ విధానం నడిచిందని కమిషన్ తేల్చింది. ఆ ఉత్తర్వు ప్రకారం కొనుగోలుదారుల వేషంలో మనుషులను షోరూములకు పంపేవారు. అదనపు రాయితీ ఇచ్చినట్లు వారు రుజువుతో నివేదిస్తే డీలరుకేగాక విక్రయ ప్రతినిధికి, షోరూము మేనేజరుకు సైతం జరిమానా పడేది. డీలర్ల మధ్య పోటీ చచ్చి, కొనేవారు తక్కువ ధర పొందే అవకాశం కోల్పోయారన్నది కమిషన్ నిర్ణయం. కంపెనీ దానిని సవాలు చేయగా అదే సంవత్సరం నవంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్, జరిమానాలో పది శాతం జమచేయాలన్న షరతుతో ఉత్తర్వును నిలిపివేసింది. దీనికి ముందు 2017 జూన్‌లో ఇటువంటి ఆరోపణపైనే హ్యుందాయ్‌కి వేసిన 87 కోట్ల జరిమానాను 2018లో ట్రిబ్యునల్ కొట్టివేసింది. కాబట్టి చట్టం ఒకటే అయినా రుజువు తేలిక కాదు. అయినా ఈ రెండు వ్యవహారాల వలన ఒక విషయం స్పష్టమయింది. లోపలి గదికి వెళ్లివచ్చే కుర్రవాని భయం కొన్నిసార్లు నటన కాకపోవచ్చు. అతడు మన ఎదుట కూర్చుని, మనం నిజమైన కొనుగోలుదారులమో కాదో ఆలోచిస్తూ ఉండవచ్చు.

బేరానికి కాలబలం కూడా ఉంటుంది. మన తెలుగునాట ఆషాఢమాసంలో బట్టల దుకాణాలవారు తగ్గింపులు ప్రకటిస్తారు. ఉత్తరాదిలో ఆ పాత్ర పితృపక్షానిది. ఆ పదిహేను రోజులు కొత్త వాహనం ఇంటికి తేవడానికి చాలామంది జంకుతారు. ధన్‌తేరస్ నాడు కారు తీసుకోవాలని ఎగబడతారు; ఆనాడు అడిగినా తగ్గించరు. డిసెంబరు మధ్య నుండి సంక్రాంతి వరకు ‘ఖర్‌మాస్’. మనం ధనుర్మాసమని ముగ్గులు పెట్టి, తిరుప్పావై వినే నెలనే ఇక్కడివారు శుభకార్యాలకు పనికిరాదంటారు. సరిగ్గా అదే సమయంలో సంవత్సరం మారితే పాతబడిపోయే కార్లను డీలరు వదిలించుకోవాలి. ఒక పంచాంగపు నమ్మకమూ, ఒక ఖాతాపుస్తకపు తొందరా కలిసే వారాలవి. అయితే మరుసటి సంవత్సరం అమ్మబోయేటప్పుడు ఆ కారుకు ఒక ఏడు వయసు ఎక్కువగా లెక్కిస్తారు గనుక, తగ్గింపు ఆ నష్టాన్ని పూడ్చగలదో లేదో చూసుకోవాలి. డీలరు ఇచ్చే ఫారం 21, అంటే విక్రయ ధ్రువపత్రం మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. సొమ్మంతా కట్టకముందే కారు గట్టు సంఖ్యతో పాటు వాటిని సరిచూసుకోవచ్చు.

మా పెద్దమనిషి నోయిడా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని మొదటి షోరూముకే తిరిగి వెళ్లారు. అది ఇంటికి దగ్గర, మరమ్మతులకు సదుపాయమని ఆయన ఆలోచన. ఈసారి నన్ను మాట్లాడనివ్వలేదు. తమకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతోనే బీమా పద్దు మీద వేలుపెట్టి ‘యే కిత్నా?’ అన్నారు; హ్యాండ్లింగ్ మీద వేలుపెట్టి ‘యే క్యోం?’ అన్నారు. ఆ కుర్రవాడు లోపలికి మూడుసార్లు వెళ్లివచ్చాడు. చివరకు ముప్పైఆరువేలు తగ్గింది. ఇంకో ఐదువేలకు పట్టుబట్టమని నేను చెవిలో అన్నాను. వద్దన్నారాయన, ఆ ఐదువేలు ఇంటి పక్కన మెకానిక్కు ఉన్నందుకట. తరువాత బిల్లు ముద్రించి తెచ్చేదాకా కుర్చీలోంచి కదలక, వచ్చాక కళ్లజోడు సవరించుకుని ప్రతి పంక్తినీ బిగ్గరగా చదివించుకుని, అప్పుడు చెక్కు మీద సంతకం చేశారు.